స్కిప్ బెర్ట్‌మన్ ఊరి నుంచి ఒమాహా దాకా: కాలేజీ బేస్‌బాల్ అభిమానుల దారిలో ఏడు రోజులు

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం సాయంత్రం లూసియానా రాజధాని బాటన్ రూజ్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్ల బేస్‌బాల్ చూడ్డానికి పదివేల టికెట్లు అమ్ముడవుతాయి. అమెరికాలో చాలా కాలేజీల్లో ఇదే ఆటకు వచ్చేది ఆటగాళ్ల అమ్మానాన్నలూ, వాళ్ల స్నేహితులూ, ఓ గుప్పెడు మంది విద్యార్థులూ. ఈ తేడాకి మూలం లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే ఎల్‌ఎస్‌యూ జట్టుకు 1984 నుంచి 2001 వరకు కోచ్‌గా ఉన్న స్కిప్ బెర్ట్‌మన్. 870 గెలుపులు, 330 ఓటములు, 3 టైలు. 1991, 1993, 1996, 1997, 2000లో ఐదు జాతీయ టైటిళ్లు. అయితే గెలుపులు మాత్రమే ఈ జనాన్ని తీసుకురాలేదు. జట్టును ఎంత శ్రద్ధగా తయారు చేశారో, చూసే జనాన్నీ ఆయన అంతే శ్రద్ధగా తయారు చేశారు. ఆయన దిగిపోయి పాతికేళ్లవుతున్నా ఆ జనం చెక్కు చెదరలేదు. అది కళ్లారా చూడాలంటే ఏప్రిల్‌లో నాలుగు రోజులు బాటన్ రూజ్‌లోనూ, జూన్‌లో మూడు రోజులు, జాతీయ టైటిల్ తేలే నెబ్రాస్కా ఊరు ఒమాహా దారిలోనూ గడపాలి.

మొదటి రోజు, గురువారం: హ్యూస్టన్ నుంచి బాటన్ రూజ్

టెక్సస్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇది కారులో వెళ్లిరాగల దూరం. హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే మీద తూర్పుగా దాదాపు 270 మైళ్లు (435 కి.మీ.). రోడ్డు ఖాళీగా ఉంటే నాలుగు గంటలు పడుతుంది. ఖాళీగా ఉండకపోయేది మూడు చోట్ల.

ఒకటి లేక్ చార్ల్స్‌లో నది మీద ఉన్న 1952 నాటి వంతెన. నిటారుగా ఎక్కుతుంది, బండి చెడిపోతే పక్కకు తీసే చోటు లేదు. రెండోది లాఫయెట్ దాటాక అచాఫలాయా చిత్తడి నేలల మీద వేసిన 18 మైళ్ల జంట వంతెన. మధ్యలో దిగడానికి బ్యూట్ లా రోజ్, విస్కీ బే అని రెండే చోట్లున్నాయి. ముందు ఒక లారీ అడ్డం పడిందంటే వెనకవాళ్లు గంటల తరబడి నీళ్ల మీదే ఉండిపోతారు. అందుకే లాఫయెట్ చేరకముందే ఫోన్లో మ్యాప్ చూసుకోవాలి. అచాఫలాయా మీద ఎర్రగీత కనిపిస్తే ఐ-49 ఎక్కి ఉత్తరాన ఒపెలూసస్ వెళ్లి, అక్కడ యూఎస్ 190 పట్టుకోవాలి. చుట్టుదారే, కానీ బండి కదులుతూ ఉంటుంది. మూడోది బాటన్ రూజ్ ముంగిట మిసిసిపీ వంతెన. దిగిన వెంటనే లేన్లు తగ్గిపోతాయి, ఆఫీసులు వదిలే వేళకు బండ్లు బారులు తీరతాయి. మధ్యాహ్నం రెండింటికల్లా నది దాటేలా బయల్దేరితే సాయంత్రం చేతికొస్తుంది.

టికెట్ల సంగతి బయల్దేరక ముందే తేల్చుకోవాలి. ఎల్‌ఎస్‌యూ ఆడే సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో వారాంతం అంటే ఒకే ప్రత్యర్థితో మూడు మ్యాచులు, మామూలుగా శుక్ర, శని, ఆదివారాలు. టీవీ కోసం గురువారమే మొదలయ్యే వారాలూ ఉంటాయి కాబట్టి షెడ్యూల్ చూడకుండా హోటల్ బుక్ చేయకూడదు. మంచి సీట్లన్నీ సీజన్ టికెట్లవాళ్ల చేతుల్లో ఉంటాయి. వాళ్లు రాలేని రోజున అమ్మేవి కొనుక్కోవాలి, లేదా ఔట్‌ఫీల్డ్ వెనకున్న బెంచీలకు సర్దుకోవాలి. ఆటను దగ్గర్నుంచి చూడ్డమే ముఖ్యం అనుకునేవాళ్లకు మంగళ, బుధవారాల్లో చుట్టుపక్కల కాలేజీలతో జరిగే మ్యాచులు మేలు. ధర తక్కువ, ముందు వరసలు దొరుకుతాయి. మూడింటిలో ఒక్కటే చూడగలిగితే శుక్రవారానిదే చూడాలి, రెండు జట్లూ తమ మేటి పిచర్‌ను, అంటే బంతి విసిరేవాణ్ని, ఆ రోజే దించుతాయి.

రెండో రోజు, శుక్రవారం: విగ్రహం, పులి, మొదటి మ్యాచ్

పొద్దున్నే క్యాంపస్‌కి వెళ్లాలి. ఎల్‌ఎస్‌యూ జట్ల గుర్తు పులి, ఫుట్‌బాల్ స్టేడియానికీ బాస్కెట్‌బాల్ హాలుకూ మధ్య నిజమైన పులే ఉంటుంది. పేరు మైక్, ఇప్పటిది ఏడో మైక్. ఎండ ముదిరాక నీడలోకి వెళ్లి పడుకుంటుంది కాబట్టి తొందరగా చూసెయ్యాలి. దాని ఆరోగ్యం చూసేది ఎల్‌ఎస్‌యూ పశువైద్య కళాశాల. ఆ కళాశాల ఉన్న రోడ్డు పేరు స్కిప్ బెర్ట్‌మన్ డ్రైవ్. బేస్‌బాల్ కోచ్ పేరు క్యాంపస్ రోడ్డుకు పెట్టారంటే ఆ ఊరికి ఆయన ఏమిటో అర్థమవుతుంది.

అక్కణ్నుంచి అలెక్స్ బాక్స్ స్టేడియం. ఎల్‌ఎస్‌యూలో ఆటగాడిగా ఉండి రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో చనిపోయిన యువకుడి పేరు అది. పాత స్టేడియం 1938 నాటిది. ఇప్పుడున్నది 2009 ఫిబ్రవరిలో తెరిచారు, 10 వేల మందికి పైగా పడతారు. 2013లో మైదానానికి బెర్ట్‌మన్ పేరు పెట్టారు. 2019లో బయట ఆయన విగ్రహం నిలబెట్టారు. ఆయన వేసుకున్న 15 నంబరు ఇంక ఆ జట్టులో ఎవరికీ ఇవ్వరు. విగ్రహం దగ్గర ఫోటో దిగాలంటే మధ్యాహ్నం లోపే వెళ్లాలి, ఆ తర్వాత కుటుంబాల వరస మొదలవుతుంది.

ఈ అభిమానం ఎలా పెరిగిందో ఇక్కడే చెప్పుకోవాలి. బెర్ట్‌మన్ డెట్రాయిట్‌లో 1938లో పుట్టి, మయామీ బీచ్‌లో పెరిగి, అక్కడి హైస్కూల్లో కోచింగ్ మొదలుపెట్టారు. తర్వాత మయామీ యూనివర్సిటీలో ముఖ్య కోచ్ రాన్ ఫ్రేజర్ దగ్గర సహాయ కోచ్‌గా చేరి పిచర్లను తీర్చిదిద్దారు. ఆ జట్టు 1982లో జాతీయ టైటిల్ గెలిచింది. ఫ్రేజర్ దగ్గర ఆయన నేర్చుకున్నది పిచింగ్ ఒక్కటే కాదు. డబ్బులేని కాలేజీ బేస్‌బాల్‌కి జనాన్నీ డబ్బునూ ఎలా రప్పించాలో ఫ్రేజర్‌కి తెలిసినంత ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. ఒకసారి మైదానంలోనే బల్లలు వేయించి, మనిషికి 5,000 డాలర్ల చొప్పున విందు ఏర్పాటు చేశారు ఫ్రేజర్.

1984 సీజన్‌కి ముందు బెర్ట్‌మన్ బాటన్ రూజ్ వచ్చేసరికి ఇది ఫుట్‌బాల్ ఊరు. బేస్‌బాల్‌కి పాత స్టేడియమూ, ఖాళీ బెంచీలూ ఉండేవి. ఆయన పిలిచిన ప్రతి క్లబ్బుకూ వెళ్లి మాట్లాడారు, సీజన్ టికెట్లు కొనమని స్వయంగా అడిగారు. 1986లో జట్టు మొదటిసారి కాలేజ్ వరల్డ్ సిరీస్‌కి, అంటే ఒమాహాకి చేరింది. మొత్తం 18 సీజన్లలో 11 సార్లు అక్కడికి వెళ్లింది. టికెట్ కొన్నవాడికి జూన్‌లో ఒమాహా చూపిస్తానని మాటిచ్చినట్టే, ఆ మాట నిలబెట్టుకున్నట్టే అయింది. 1996 నుంచి దేశంలో కాలేజీ బేస్‌బాల్ హాజరు పట్టికలో దాదాపు ప్రతి ఏడూ ఎల్‌ఎస్‌యూదే మొదటి స్థానం. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: స్పీకర్లో చదివే హాజరు అమ్ముడైన టికెట్ల లెక్క. వానపడే సాయంత్రం బెంచీలు ఖాళీగా కనిపించినా లెక్క పదివేలే ఉంటుంది. అది మోసమేం కాదు. రాకపోయినా డబ్బు కట్టి సీటు వదులుకోనివాళ్లు అంతమంది ఉన్నారని దాని అర్థం, కోచ్‌కి అంతకంటే బలం ఇంకోటి లేదు.

సాయంత్రం ఆటకు కనీసం గంటన్నర ముందు చేరాలి. టికెట్లన్నీ ఫోన్లోనే. గేటు దగ్గర వేలమంది ఒకేసారి నెట్ వాడితే పేజీ తెరుచుకోదు కాబట్టి టికెట్‌ను హోటల్లోనే ఫోన్ వాలెట్‌లోకి ఎక్కించుకోవాలి. సంచీ పారదర్శకంగా ఉండాలి, కొలత 12×6×12 అంగుళాలు దాటకూడదు. చిన్నపిల్లల సామాను ఉంటే నిబంధన ముందే చదువుకోవాలి. బండి దూరంగా పెట్టాల్సి వచ్చి, సంచీ అందులో పెట్టి రావడానికి మళ్లీ వెనక్కి నడవాల్సి రావడం చాలామందికి జరిగేదే.

లోపలికెళ్లాక కుడి ఫీల్డ్ గోడ వెనక చూడండి. పులి బొమ్మతో పెద్ద బోర్డు ఉంటుంది, దాన్ని ‘ఇంటిమిడేటర్’ అంటారు. జాతీయ టైటిల్ గెలిచిన సంవత్సరాలన్నీ దాని మీద వరసగా ఉంటాయి. బెర్ట్‌మన్‌వి ఐదు, 2009 పాల్ మెనియరీది, 2023, 2025 జే జాన్సన్‌వి. బ్యాటింగ్‌కి వచ్చిన ప్రత్యర్థికి ఎదురుగా ఆ వరసే కనిపిస్తుంది.

మూడో రోజు, శనివారం: తిండీ, హోమ్ రన్ల కాలం

శనివారం ఆట కంటే ముందు పార్కింగ్ స్థలమే అసలు వేదిక. ఇనప కడాయిలో జంబలాయా (మాంసం వేసి వండే అన్నం) వండుతుంటారు, పెద్ద గిన్నెల్లో క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) ఉడుకుతుంటుంది. క్రాఫిష్ కాలం జనవరి నుంచి జూన్ దాకా, సరిగ్గా బేస్‌బాల్ సీజన్‌తో కలుస్తుంది. బస్తాల్లో అమ్ముతారు, బస్తా 30 పౌన్లు పైనే. మనిషికి పొట్టుతో సహా 3 పౌన్లు లెక్క వేసుకుంటారు, ఎందుకంటే తోకలో దొరికే మాంసం చాలా తక్కువ. బంగాళాదుంపలూ మొక్కజొన్న పొత్తులూ అదే నీళ్లలో వేస్తారు. కారం తలల్లోకీ పొత్తుల్లోకీ ఎక్కువ దిగుతుంది. తిన్న చేతుల్తో కళ్లు తుడుచుకుంటే ఆట మొదటి మూడు ఇన్నింగ్స్ కనిపించవు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఇక్కడ జంబలాయా, గంబో అనే చిక్కటి పులుసు, ఎర్ర చిక్కుడు గింజల అన్నం అన్నిట్లోనూ సాసేజ్ ఉంటుంది. ముక్కలు తీసేసి ఇచ్చినా అది మాంసం రసంలోనే ఉడికిన వంట. పైగా ఆ సాసేజ్ చాలావరకు పంది మాంసమే. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకుంటే నిశ్చింత. బాటన్ రూజ్‌లో గణపతి సచ్చిదానంద స్వామి పరంపరకు చెందిన దత్త దేవాలయం ఉంది, పొద్దున్నే దర్శనం చేసుకుని మధ్యాహ్నం ఆటకు రావచ్చు.

పక్క టెంటువాళ్లను పలకరిస్తే చాలు, కూర్చోబెట్టి ప్లేటు చేతిలో పెడతారు. యాభై దాటినవాళ్లయితే మాట 1997కే వెళ్తుంది. ఆ ఏడాది బెర్ట్‌మన్ జట్టు 188 హోమ్ రన్లు కొట్టింది, కాలేజీ రికార్డు అది. హోమ్ రన్ అంటే బంతి గోడ దాటడం, కొట్టినవాడితో పాటు బేస్‌ల మీదున్నవాళ్లందరికీ పరుగులు. ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ కనీసం ఒకటుంది. ఆ ఆటకు ‘గొరిల్లా బాల్’ అని పేరు పడింది. ఇందులో ఆటగాళ్ల బలం ఎంతుందో బ్యాటుదీ అంతుంది. అప్పటి అల్యూమినియం బ్యాట్లు సన్నటి గోడలతో, స్ప్రింగులా బంతిని తన్నేవి. 1998 కాలేజ్ వరల్డ్ సిరీస్‌లో హోమ్ రన్లు 62కి చేరి, ఫైనల్ 21-14తో ముగిశాక నిబంధనలు బిగించారు. 2011లో వచ్చిన కొత్త ప్రమాణం బ్యాటు తన్నే శక్తిని దాదాపు చెక్క బ్యాటు స్థాయికి తెచ్చింది. దాంతో 2013, 2014 వరల్డ్ సిరీస్‌లలో చెరో మూడే హోమ్ రన్లు వచ్చాయి. 2015లో బంతి కుట్టును చదును చేస్తే గాలి నిరోధం తగ్గి, బంతి మళ్లీ దూరం వెళ్లడం మొదలైంది. కాబట్టి బెర్ట్‌మన్ కాలపు అంకెలను ఇప్పటివాటి పక్కన నేరుగా పెట్టడం న్యాయం కాదు. ఆయన గొప్పతనం అంకెల్లో కంటే, ఇచ్చిన నిబంధనల్లో ఏది గెలిపిస్తుందో ముందే పసిగట్టడంలో ఉంది. స్వతహాగా పిచింగ్ మనిషి అయ్యుండి కూడా బ్యాటు కాలం వచ్చిందని గుర్తించి, దానికి తగిన జట్టును కట్టారు.

నాలుగో రోజు, ఆదివారం

ఆదివారం ఆట మధ్యాహ్నమే. ప్రత్యర్థి జట్టు తిరుగు ప్రయాణానికి వీలుగా ఒక గడువు పెడతారు, ఆ సమయం దాటాక కొత్త ఇన్నింగ్ మొదలుపెట్టరు. ఏడు ఇన్నింగ్స్ తర్వాత పది పరుగుల తేడా ఉంటే ఆట అక్కడే ఆపేస్తారు. టోపీ, నీళ్లు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఇనప బెంచీలు మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి, ఒక తువ్వాలు వెంట ఉండాలి.

తిరుగు దారిలో ఆలోచించాల్సిన విషయం ఒకటుంది: ఇంత అభిమానం తర్వాతివాళ్లకు బరువు. బెర్ట్‌మన్ 2001లో దిగిపోయి అథ్లెటిక్ డైరెక్టర్ అయ్యారు. ఆయన స్థానంలో వచ్చిన స్మోక్ లవాల్ జట్టును 2003, 2004లో ఒమాహాకి చేర్చారు. ఇంకో ఊళ్లో అయితే నెత్తిన పెట్టుకునేవారు. ఇక్కడ 2006లో జాతీయ టోర్నమెంట్‌కి చేరకపోయేసరికి పదవి పోయింది. మెనియరీని తెచ్చింది బెర్ట్‌మనే. 2009లో టైటిల్ వచ్చింది, ఆ తర్వాత 2021లో ఆయన విరమించేదాకా మరోటి రాలేదని గొణిగినవాళ్లున్నారు. జే జాన్సన్ తన రెండో సీజన్లోనే, 2023లో గెలిచారు. పాల్ స్కీన్స్, డిలన్ క్రూస్ ఆ జట్టువాళ్లే, ఆ ఏడాది మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, మొదటి రెండు స్థానాలూ వాళ్లవే. ఈ ఊరు కోచ్‌ని ప్రేమించే కొలత బెర్ట్‌మన్ గీసిన గీతే. ఆ గీత అన్యాయమైనదని చాలామందికి తెలుసు, అయినా దించడానికి ఎవరూ ఒప్పుకోరు.

ఐదో రోజు, జూన్: ఫాయెట్‌విల్ దాకా

జూన్ మధ్యలో వరల్డ్ సిరీస్ మొదలవుతుంది. 64 జట్లలో మొదట నాలుగేసి జట్లతో 16 రీజియనల్స్, తర్వాత ఎనిమిది సూపర్ రీజియనల్స్, మిగిలిన ఎనిమిది జట్లు ఒమాహాకి. తమ జట్టు చేరిందని ఆదివారమో సోమవారమో తేలుతుంది, ఆ శుక్రవారమే సిరీస్ మొదలు. అందుకే అనుభవజ్ఞులు రద్దు చేసుకోగల హోటల్ గదిని చలికాలంలోనే పట్టి పెట్టుకుంటారు.

బాటన్ రూజ్ నుంచి ఒమాహా దాదాపు వెయ్యి మైళ్లు. ఒక్క రోజులో తోలొద్దు. ఐ-49 ష్రీవ్‌పోర్ట్ మీదుగా టెక్సర్కానా వరకే ఒక ముక్కగా ఉంటుంది. అక్కణ్నుంచి ఫోర్ట్ స్మిత్ దాకా పూర్తి కాలేదు, కొండల్లో ఇరుకు రోడ్డు. రాత్రి పూట అటు వెళ్లకుండా ఐ-30 మీద లిటిల్ రాక్, ఐ-40 మీద పడమరగా వెళ్లి, మళ్లీ ఐ-49 ఎక్కడం నయం.

రాత్రి ఫాయెట్‌విల్‌లో ఆగితే రెండు లాభాలు. పక్కనే బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉండడంతో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మన భోజనం దొరుకుతుంది. రెండోది, ఇది ఎల్‌ఎస్‌యూతో జనంలో పోటీపడే ఆర్కన్సా జట్టు ఊరు. ఇక్కడి కోచ్ డేవ్ వాన్ హోర్న్ 2003 సీజన్ నుంచి ఉన్నారు. 2018 ఫైనల్లో ఇంకొక్క ఔట్ చేస్తే టైటిల్ అన్న చోట, గాల్లోకి లేచిన ఫౌల్ బంతి (పట్టుకుంటే ఔటే) ముగ్గురి మధ్య నేల మీద పడింది. మ్యాచ్ పోయింది, మర్నాడు టైటిలూ పోయింది. ఈ ఊరికి ఇప్పటికీ బేస్‌బాల్ టైటిల్ లేదు, స్టేడియం మాత్రం నిండుతూనే ఉంది. టైటిళ్ల ఊరి తర్వాత ఈ ఊరు చూస్తే, అభిమానానికి కప్పు ఒక్కటే ఆధారం కాదని తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఒకే మనిషి, ఒకే తీరు, ఏటా జూన్ దాకా ఆశ మిగలడం కూడా చాలు.

ఆరో రోజు: ఒమాహా, పాత రోజన్‌బ్లాట్

కాన్సాస్ సిటీ దాటాక ఐ-29 మీద మూడు గంటలు. ఒమాహా చేరగానే హెన్రీ డోర్లీ జూ పార్కింగ్‌కి వెళ్లాలి. 1950 నుంచి 2010 దాకా వరల్డ్ సిరీస్ జరిగిన రోజన్‌బ్లాట్ స్టేడియం అక్కడే ఉండేది. కూల్చేశాక హోమ్ ప్లేట్ ఉన్న చోటే చిన్న మైదానం గుర్తుగా ఉంచారు. ఊదా, పసుపు చొక్కాల ఎల్‌ఎస్‌యూ అభిమానులు దాని మీద నిలబడి కుడి వైపు చూస్తూ కనిపిస్తారు.

వాళ్లు చూసేది 1996 జూన్ 8 నాటి బంతిని. అప్పట్లో ఫైనల్ ఒకే మ్యాచ్. ప్రత్యర్థి బెర్ట్‌మన్ పనిచేసి వచ్చిన మయామీనే. ఆఖరి ఇన్నింగ్, రెండు ఔట్లు, మయామీ 8-7తో ముందుంది, మూడో బేస్ మీద రన్నర్. బ్యాటింగ్ వరసలో తొమ్మిదోవాడు వారెన్ మోరిస్. చేతి ఎముక విరిగి సీజన్‌లో చాలాభాగం ఆడలేదు, ఆ ఏడాది ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. మొదటి బంతికే కుడి గోడ మీదుగా కొట్టాడు. 9-8. రెండు, మూడో బేస్‌ల మధ్య నిలబడే మయామీ ఫీల్డర్ (షార్ట్‌స్టాప్) నేల మీద బోర్లా పడిపోయాడు. ఆయన పేరు అలెక్స్ కోరా, 2018లో బోస్టన్ రెడ్ సాక్స్ మేనేజర్‌గా మేజర్ లీగ్ వరల్డ్ సిరీస్ గెలిచింది ఆయనే. అదే వేసవిలో అట్లాంటా ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు బెర్ట్‌మన్ కోచ్, మోరిస్ ఆటగాడు. కాంస్యం వచ్చింది.

ఏడో రోజు: చార్ల్స్ ష్వాబ్ ఫీల్డ్

కొత్త స్టేడియం ఊరి నడిబొడ్డున, 2011 నుంచి. బయట ‘రోడ్ టు ఒమాహా’ విగ్రహం దగ్గర పొద్దున్నే రద్దీ ఉండదు. ఔట్‌ఫీల్డ్ జనరల్ టికెట్ కొంటే సీటు నంబరుండదు, ముందొచ్చినవాళ్లకు ముందు వరసలు. ఎల్‌ఎస్‌యూ ఆడే రోజున గేట్లు తీయడానికి చాలా ముందే వరస కడతారు. మైదానం ఆగ్నేయానికి తిరిగి ఉంది. జూన్‌లో దక్షిణ గాలి బ్యాటర్ మొహానికి కొడుతుంది, పాత స్టేడియంలో గోడ దాటే బంతులు ఇక్కడ చేతుల్లో పడతాయి. ఉత్తర గాలి వీచిన రోజు లెక్క మారుతుంది. టికెట్ ఏ రోజుకు కొనాలో తేల్చుకోనివాళ్లు వాతావరణ సూచన చూడొచ్చు.

స్టేడియం ఎదురుగా రాకోస్ అనే పిజ్జా బార్‌లో ఏ జట్టు అభిమానులు ఎక్కువ జెల్లీ షాట్లు (మద్యం కలిపిన చిన్న జెల్లీ కప్పులు) కొంటారో బోర్డు మీద రాస్తారు. 2022లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) అభిమానులు 18,777 దగ్గర ఆపారు. 2023లో ఎల్‌ఎస్‌యూవాళ్లు 68,888కి తీసుకెళ్లారు. వచ్చిన డబ్బులో కొంత ఆహార బ్యాంకులకు వెళ్తుంది. తాగని వాళ్లు కూడా తమ వంతు కొని పంచేస్తారు.

మ్యాచ్ ఎంపికకు పద్ధతి తెలియాలి. ఎనిమిది జట్లు రెండు గుంపులుగా ఆడతాయి, రెండు ఓటములకు ఇంటికి. ఆ గుంపుల విజేతలు మూడు మ్యాచుల ఫైనల్ ఆడతారు. మొదటి మ్యాచ్ ఓడిన జట్టు ఫైనల్ చేరాలంటే వరసగా నాలుగు గెలవాలి. మేటి పిచర్ వంద బంతుల దాకా వేస్తే నాలుగైదు రోజుల విశ్రాంతి కావాలి కాబట్టి అలాంటి జట్టుకు పిచర్లు చాలరు. అందుకే తొలి మ్యాచ్ గెలిచిన జట్టు టికెట్ ధర మర్నాడు పెరుగుతుంది, ఓడినదాని ధర పడిపోతుంది. ఒక్క జట్టు కోసమే వెళ్లేవాళ్లు మొదటి రెండు మ్యాచులకు మాత్రమే ముందు కొని, మిగతావి ఫలితం చూశాక కొనడం మంచిది. పిడుగు దగ్గర్లో పడితే ఆట ఆపుతారు, ఆఖరి మెరుపు తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా మొదలుపెట్టరు. కొత్త మెరుపుతో ఆ అరగంట మళ్లీ మొదటికొస్తుంది. రాత్రి మ్యాచ్ అర్ధరాత్రి దాటొచ్చు, కాబట్టి ఆ రాత్రే బండెక్కే ప్లాన్ వద్దు. ఫైనల్లో మూడో మ్యాచ్ జరగకపోవచ్చు. 2025లో ఎల్‌ఎస్‌యూ కోస్టల్ కరోలినాను 1-0, 5-3తో రెండింటిలోనే ముగించింది. మూడోదానికి టికెట్ కొనేముందు వాపసు నిబంధన చదువుకోవాలి, హోటల్ చివరి రాత్రిని విడిగా బుక్ చేసుకోవాలి.